చచ్చినవాడికి గాలెందుకు కొడుతున్నారు?

పోయిన ఆగస్టు 3న మా యూనివర్సిటీ ఆడిటోరియంలో అవయవదానం మీద అవగాహన సభ పెట్టారు. అది జాతీయ అవయవదాన దినం. 1994లో అదే తేదీన ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే మొదటి విజయవంతమైన గుండెమార్పిడి జరిగింది. చేసినాయన మన రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్. ఆ సంగతి ఎవరైనా చెబుతారేమోనని ఎదురుచూశాను. చెప్పలేదు. వేదిక మీది డాక్టరుగారు నేరుగా దధీచి దగ్గర మొదలుపెట్టారు. ఇంద్రుడి కోసం వెన్నెముక ఇచ్చిన మహర్షి, పావురం కోసం తొడ కోసిచ్చిన శిబి, అదీ మన సంస్కృతి అన్నారు. తర్వాత తెర మీద స్పెయిన్ గీత ఆకాశంలో, మన గీత నేల మీద. ఎందుకిలా అని ఆయనే అడిగి, ఆయనే జవాబు చెప్పారు. "చదువు లేని వర్గాల్లో, ముఖ్యంగా ఏజెన్సీ ప్రాంతాల్లో, మూఢనమ్మకాలు బలంగా ఉన్నాయి. కళ్ళిస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతామనుకుంటారు." సభ నవ్వింది. చప్పట్లు కొట్టింది.

నేను నవ్వలేదుగానీ చెయ్యెత్తి ప్రశ్న కూడా అడగలేదు. బయటికొచ్చి బల్ల దగ్గర ప్రతిజ్ఞాపత్రం మీద సంతకం పెట్టి, కార్డు జేబులో వేసుకుని హాస్టల్‌కి వచ్చేశాను. నా గుండె, నా కాలేయం, నా మూత్రపిండాలు, నా కళ్ళు నేను చచ్చాక ఎవరికైనా పనికొస్తే తీసుకోండి. అందులో నాకు రెండో ఆలోచన లేదు. ఈ వ్యాసం అవయవదానానికి వ్యతిరేకం అనుకుని చదవడం మొదలుపెట్టిన వాళ్ళు నిరాశపడతారు. నా గొడవ ఆ నవ్వుతో.

2023 మిర్చి కోతలప్పుడు ఒక ఫోన్ వచ్చింది. చేసింది నా క్లాస్‌మేట్. చింతలనార్ వాడు. అవతల సుక్మా జిల్లా, బస్తర్. చింత మన చింతే, నార్ అంటే వాళ్ళ మాటలో ఊరు. ఏటా జనవరి నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గోదావరి దాటి మన చేలల్లో మిరపకాయ కోయడానికి వస్తారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక పారిపోయి వచ్చి, ఖమ్మం, వరంగల్ అడవుల్లో గుడిసెలు వేసుకున్న వాళ్ళు వేలల్లో ఉన్నారు. మన పేపర్లు వాళ్ళని గుత్తికోయలంటాయి. వాళ్ళు తమను కోయలమనే చెప్పుకుంటారు. నా మిత్రుడి చిన్నాన్న కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు, కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు ట్రాలీ తిరగబడి తలకు దెబ్బ తగిలి పడ్డాడు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపించి, చివరికి నగరంలో వెంటిలేటర్ మీద పెట్టారు. వాళ్ళమ్మను ఊరి నుంచి తీసుకొచ్చారు. ఆమెకు తెలుగు రాదు. నా మిత్రుడు పరీక్షల్లో ఇరుక్కుని వేరే రాష్ట్రంలో ఉన్నాడు. నేను భద్రాచలం దగ్గర పుట్టినవాణ్ణి. మాదిగ గూడెం, పక్కన కోయగూడెం. కోయ మాట నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. "అన్నా, నువ్వెళ్ళి డాక్టర్లు చెప్పేది మా చిన్నమ్మకి చెప్పు" అన్నాడు. వెళ్ళాను.

వాళ్ళు చెప్పమన్నది ఒకే ఒక్క మాట. బ్రెయిన్ డెత్.

నాకు దాని అర్థం తెలుసు. అప్పటికే చదివి ఉన్నాను. మెదడు కాండం శాశ్వతంగా దెబ్బతింటే మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు, మళ్ళీ ఎప్పటికీ తీసుకోలేడు. గుండెకు సొంత లయ ఉంటుంది కాబట్టి, యంత్రం గాలి ఊదుతున్నంతసేపు అది కొన్నాళ్ళు కొట్టుకుంటూనే ఉంటుంది. కంట్లో వెలుతురు వేసి చూస్తారు. కంటిపొరను తాకి చూస్తారు. చెవిలో చల్లటి నీళ్ళు పోసి కళ్ళు కదులుతాయా అని చూస్తారు. కాసేపు వెంటిలేటర్ తీసి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినా ఛాతీ ఒక్క ప్రయత్నమైనా చేస్తుందా అని చూస్తారు. ఇదంతా నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. కోమా వేరు, ఇది వేరు. కోమా నుంచి తిరిగొచ్చిన వాళ్ళున్నారు. సరిగ్గా నిర్ధారించిన బ్రెయిన్ డెత్ నుంచి ఎవరూ తిరిగిరారు. ఇందులో మోసమేమీ లేదు. ఇది నిజంగా మరణమే.

కానీ దాన్ని కోయ మాటలో ఎలా చెప్పాలి? తెలుగులో మాత్రం ఎలా చెబుతాం? ఊపిరి పోయింది అంటాం, గుండె ఆగింది అంటాం, కన్ను మూశాడు అంటాం, ప్రాణం పోయింది అంటాం. మన భాషలో చావంటే ఊపిరి, గుండె, కన్ను. చదువుకున్న మన దినపత్రికలు దీనికి కనిపెట్టిన పదం చూడండి: జీవన్మృతుడు. బతికున్న శవమనా, చచ్చిన బతుకనా? అదే వార్త చివర 'ఐదుగురికి పునర్జన్మ ఇచ్చాడు' అని రాస్తారు. ప్రభుత్వ పథకం పేరేమో జీవన్‌దాన్. డిగ్రీలున్న ఎడిటరు, 'జీవన్మృతుడి అవయవాలు దానం' అని శీర్షిక పెట్టినప్పుడు అతను చనిపోయాడని తాను నమ్మలేదనే కదా అర్థం? మూఢనమ్మకం ఏజెన్సీలోనే ఉందంటే ఎలా!

నేను చేతకాక, "అమ్మా, నీ కొడుకు చనిపోయాడు" అనేశాను.

ఆమె కొడుకు ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. లేస్తోంది, పడుతోంది. "మరి ఈ ఊపిరి ఎవరిది?" అంది. యంత్రానిది అన్నాను. చాలాసేపు ఆ యంత్రాన్నే చూసింది. నమ్మినట్టే అనిపించింది. ఏడ్చింది. అప్పుడు కౌన్సెలర్ వచ్చి అవయవాల సంగతి మొదలుపెట్టింది. మంచి పిల్లే, ఓపిగ్గానే చెప్పింది. ఐదారుగురికి బతుకునివ్వొచ్చు అంది. ఆమె విని, "ఇవ్వం, ఊరికి తీసుకుపోతాం" అంది. సరే, మీ ఇష్టం, అయితే వెంటిలేటర్ కొనసాగిస్తాం, గుండె ఆగేదాకా చూడాలి అన్నారు.

అప్పుడు ఆమె అడిగింది. "ఇందాక చచ్చిపోయాడన్నారు కదా బిడ్డా. చచ్చినవాడికి గాలెందుకు కొడుతున్నారు?"

ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చి డాక్టరుకు చెప్పాను. ఆయన ఏదో చెప్పాడు, రూల్స్ అన్నాడు. బయటికెళుతూ తోటి డాక్టరుతో అన్నమాట నా చెవిన పడింది: "వీళ్ళకి చెప్పి లాభం లేదు, మూఢనమ్మకాలెక్కువ."

చట్టాలు చదివే మిత్రులారా, ఈ మూఢురాలి ప్రశ్నకు జవాబు మీరు చెప్పండి. మన దేశంలో మరణానికి రెండు నిర్వచనాలున్నాయి. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం, ప్రాణ లక్షణాలన్నీ శాశ్వతంగా పోవడమే మరణం అంటుంది. మెదడు మాట ఎత్తదు. 1994 అవయవమార్పిడి చట్టం, దాని వెంట 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసుకున్న చట్టం, మెదడు కాండం మరణాన్ని కూడా మరణంగా గుర్తిస్తాయి. కానీ ఆ గుర్తింపు అవయవాలు తీసుకోవడం కోసం చేసిన చట్టంలో మాత్రమే ఉంది. దాంతో ఏమైంది? కుటుంబం సంతకం పెడితే అతను శవం, పెట్టకపోతే రోగి. అదే మంచం, అదే మనిషి, అదే మెదడు. ఒక కాగితం మీద వేలిముద్రను బట్టి అతను చచ్చినవాడో బతికున్నవాడో తేలుతుంది. 2020లో కేరళ ప్రభుత్వం బ్రెయిన్ డెత్ నిర్ధారణకు సొంతంగా మార్గదర్శకాలు ఇచ్చింది. అవయవదానంతో సంబంధం లేకుండా మరణం మరణమే అని చెప్పే ప్రయత్నం అది. చాలాచోట్ల ఇంకా యంత్రం తీస్తే కేసు అవుతుందేమోనని డాక్టర్లకు భయం. తీయకపోతే బిల్లు కుటుంబానిది. న్యాయశాస్త్ర పండితులు పేపర్లు రాసి తేల్చాల్సిన ఈ వైరుధ్యాన్ని, బడి మొహం చూడని ఒక కోయతల్లి ఐసీయూలో నిలబడి ఒక్క వాక్యంలో పట్టుకుంది. దానికి మన వైద్యశాస్త్రం పెట్టిన పేరు మూఢనమ్మకం.

రెండో ప్రశ్న కూడా అడిగింది. ఈ అవయవాలు ఎవరికి పెడతారు అని. ఆ పేర్లు చెప్పకూడదు, నియమం. అది మంచి నియమమే, నేను సమర్థిస్తాను. ఆమె తల ఊపి, మూడోది అడిగింది. "మా ఊళ్ళో ఎవరికైనా ఇట్లాంటిది పాడైతే, మాకూ పెడతారా?"

కౌన్సెలర్ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఈ మూడో ప్రశ్నే అసలు ప్రశ్న. అవయవదాన ప్రచారం మొత్తం ఇచ్చేవాళ్ళ మనసు గురించి మాట్లాడుతుంది, తీసుకునేవాళ్ళ జాబితా గురించి మాట్లాడదు. లెక్కలు చూద్దాం. 2023లో దేశంలో 18,378 అవయవమార్పిడులు జరిగాయి. మరణించాక అవయవాలు ఇచ్చినవాళ్ళు 1,099 మంది. అందులో 252 మంది ఒక్క తెలంగాణవాళ్ళే, దేశంలో మొదటిస్థానం. మిగిలిన మార్పిడులు దాదాపుగా బతికున్నవాళ్ళు ఇచ్చినవి. ఆ బతికున్నవాళ్ళు ఎవరు? ఎక్కువమంది ఆడవాళ్ళు, భార్యలు, తల్లులు. 1995 నుంచి 2021 దాకా లెక్క తీస్తే, అవయవం అందుకున్న ప్రతి ఐదుగురిలో నలుగురు మగవాళ్ళు. ఇది ఎంత సిగ్గుచేటంటే, 2025 ఆగస్టులో జాతీయ అవయవ మార్పిడి సంస్థే ఆడరోగులకు ప్రాధాన్యం ఇవ్వమని రాష్ట్రాలకు రాయాల్సి వచ్చింది. ఆడా మగా లెక్క ఉంది కాబట్టి సిగ్గు బయటపడింది. కులం లెక్క? ఆ ప్రచురించే పట్టికల్లో కులం గడి లేదు. ఆదివాసీ గడి లేదు. గడి లేనిచోట సిగ్గు కూడా ఉండదు.

కానీ చింతలనార్ విషయంలో పట్టిక కూడా అక్కర్లేదు. బ్రెయిన్ డెత్ అనేది వెంటిలేటర్ ఉన్నచోటే సాధ్యమయ్యే చావు. యంత్రం లేకపోతే ఊపిరి ఆగుతుంది, ఊపిరి ఆగితే నిమిషాల్లో గుండె ఆగుతుంది, అంతే. రిజిస్టరైన ఆసుపత్రి కావాలి, నలుగురు డాక్టర్లు కావాలి. తీసిన గుండెను నాలుగైదు గంటల్లో పెట్టాలి. చింతలనార్ నుంచి దోర్నపాల్ హైవే మీదికి రావడానికే నలభై కిలోమీటర్లకు పైన. జ్వరంతో చచ్చేవాళ్ళు, కాన్పులో చచ్చేవాళ్ళు మంచం మీద మోసుకొస్తుండగానే చచ్చిపోయే ఊరది. ఆ ఊళ్ళో ఉన్నంతకాలం, ఎంత ఉదారుడైనా, ఎంత హేతువాది అయినా, చట్టప్రకారం తన గుండెను దానమివ్వలేడు. అందుకునే అవకాశమూ అంతే. కిడ్నీ పెట్టించుకున్నవాడు బతికినన్నాళ్ళూ రోజూ మందులు మింగాలి, రక్తంలో మందు ఎంతుందో పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. అదే ఛత్తీస్‌గఢ్‌లో గరియాబంద్ జిల్లా సుపేబేడా అనే ఊరుంది. రెండు దశాబ్దాలుగా కిడ్నీ జబ్బుతో అక్కడ పదుల మంది పోయారు. మన శ్రీకాకుళం ఉద్దానం కథ మీకు తెలిసిందే. అక్కడ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తలుపులు తెరుచుకోవడానికి 2023 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఈ ఊళ్ళలో కొరత మూఢనమ్మకాల వల్ల వచ్చిందా?

దధీచి దగ్గరికి వద్దాం. ఆయన వెన్నెముక ఎందుకిచ్చాడు? ఇంద్రుడికి ఆయుధం చేసుకోవడానికి, వృత్రుణ్ణి చంపడానికి. ఒక ప్రాణం నిలబెట్టిన కథ కాదది. పురాణాల్లో అవయవం అడిగిన కథ ఇంకొకటి ఉంది, దాన్ని ఏ అవగాహన సభలోనూ చెప్పరు. ఏకలవ్యుడి బొటనవేలు. మత్తు లేదు, కౌన్సెలింగ్ లేదు, అంగీకారం అని పేరు పెట్టిన బలవంతం. ఒక ఆదివాసీ శరీరం నుంచి, అతని బతుకుతెరువైన అంగాన్ని, ఇంకొకడి పైచేయి కోసం తీసుకున్నారు. నేనే కాదు ఈ మాట అంటున్నది. 2011 జనవరిలో ఒక భిల్లు మహిళ కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టే ద్రోణుడు చేసిన పని సిగ్గుచేటని రాసింది. ధర్మశాస్త్రాల్లో దానం అనే మాటకు దిశ ఉంది. పుచ్చుకునే అర్హత బ్రాహ్మణుడిది. చచ్చేటప్పుడు ఇచ్చే గోదానం కూడా అటే పోతుంది. ఆ మాటను తెచ్చి మనవాళ్ళ ముందు పెట్టి, ఇవ్వరేం అని అడిగితే, ఆ మాట ఎటు పారుతుందో ఒంటికి తెలిసినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. నాకు పంపకం అనే మాట నయమనిపిస్తుంది. పంపకంలో నా వాటా ఏదని అడగొచ్చు.

మనకు శవం కొత్త కాదు. ఊళ్ళో ఎవరు చనిపోయినా చావు కబురు మోసుకెళ్ళింది మనం. డప్పు కొట్టింది, గొయ్యి తవ్వింది, కాష్ఠం పేర్చింది మనం. బాబాసాహెబ్ మహర్ల వతన్ మీద పోరాడింది ఇలాంటి చాకిరీ నుంచి తన జనాన్ని విడిపించడానికే. మా నాన్న ఒక ప్రభుత్వాసుపత్రి మార్చురీలో పనిచేశాడు. కాగితం మీద ఆయన స్వీపరు. చేసే పని శవాన్ని కోయడం, లోపల ఏముందో బయటికి తీసి చూపించడం, మళ్ళీ కుట్టడం. డాక్టరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి రాసుకునేవాడు. శవాన్ని ముట్టుకునే పని మాది, మరణాన్ని ప్రకటించే అధికారం వాళ్ళది. మా నాన్న రాత్రి స్నానం చేసి వచ్చి ఎప్పుడైనా అనేవాడు, లోపల అందరికీ ఒకటేరా, కాలేయం రంగు ఒకటే అని. ఆయన చదివింది ఐదో తరగతి. రక్తానికి కులం లేదని ఆయనకు ఎవరూ అవగాహన సభ పెట్టక్కర్లేదు. అలాంటి ఇళ్ళకొచ్చి మీకు శవమంటే మూఢనమ్మకం అంటే నవ్వాలా ఏడవాలా? మెడికల్ కాలేజీల్లో డాక్టర్లు కోసి నేర్చుకున్న శవాలు ఎవరివి? ఎక్కువగా అనాథ శవాలే. అంటే అడిగే దిక్కులేని పేదల శరీరాలు. వాటికి దధీచి పేరు ఎవరూ పెట్టలేదు.

బయటి ప్రపంచంలో కూడా ఈ కథ ఇలాగే మొదలైంది. 1967 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటి గుండెమార్పిడి చేశాడు. నెల తిరగకుండా, 1968 జనవరిలో రెండోది. ఆ గుండె క్లైవ్ హాప్ట్ అనే 'కలర్డ్' యువకుడిది, పెట్టింది ఫిలిప్ బ్లైబెర్గ్ అనే తెల్లాయనకి. జాతి వేర్పాటు రాజ్యమేలుతున్న దేశమది. హాప్ట్ తెల్లవాళ్ళ బీచిలో అడుగుపెట్టకూడదు. అతని గుండె మాత్రం పెట్టొచ్చు. అదే ఏడాది మే నెలలో అమెరికాలోని రిచ్మండ్‌లో బ్రూస్ టక్కర్ అనే నల్లజాతి కార్మికుడు తల దెబ్బతో ఆసుపత్రికి వచ్చాడు. కుటుంబానికి కబురు లేకుండానే అతని గుండె తీసి ఒక తెల్ల వ్యాపారికి పెట్టారు. మెదడు చస్తే మనిషి చచ్చినట్టే అని హార్వర్డ్ కమిటీ నివేదిక వచ్చింది ఆ తర్వాత ఆగస్టులో. అంటే టక్కర్ చచ్చాడని చెప్పే నిర్వచనం ప్రచురితమయ్యే నాటికే అతని గుండె ఇంకొకరి ఛాతీలోకి వెళ్ళింది. సోదరుడు కోర్టుకెక్కాడు. 1972లో డాక్టర్లే గెలిచారు. మన దగ్గర? 2002లో అమెరికా వైద్యసంఘం పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిశారు. 96 శాతం అప్పు తీర్చడానికే అమ్ముకున్నారు. 71 శాతం ఆడవాళ్ళు. అమ్ముకున్నాక వాళ్ళ కుటుంబాల ఆదాయం మూడోవంతు పడిపోయింది. అప్పటికి అమ్మకాన్ని నిషేధించిన చట్టం వచ్చి ఎన్నో ఏళ్ళయింది. పేదవాడు ఆసుపత్రిలో 'కిడ్నీ తీసేస్తారేమో' అని భయపడితే అది అమ్మమ్మ చెప్పిన దెయ్యం కథ కాదు, ఈ దేశపు చరిత్ర.

చింతలనార్ పేరు మీరు విన్నది 2010 ఏప్రిల్ 6న. ఆ పక్కనే తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు చనిపోయారు. వాళ్ళలోనూ పేదరైతుల పిల్లలు ఎందరో. వాళ్ళకు పేర్లున్నాయి, పెట్టెలున్నాయి, జెండా కప్పారు, ఊళ్ళకు చేర్చారు. అలాగే చేయాలి. ఆ మరుసటి ఏడాది మార్చిలో అదే తాడ్‌మెట్ల, తిమ్మాపురం, మోర్‌పల్లి ఊళ్ళలో రెండొందలకు పైగా ఇళ్ళు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు. ఆ లెక్క తేల్చమని సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించాల్సి వచ్చింది. 2012 జూన్‌లో సార్కేగూడలో చనిపోయిన 17 మంది మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయవిచారణ కమిషన్ చెప్పడానికి 2019 దాకా పట్టింది. 2017 బుర్కాపాల్ దాడి కేసులో 121 మంది ఆదివాసీలు ఐదేళ్ళు జైల్లో ఉండి 2022లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఇక గంపూర్ సంగతి. బీజాపూర్ జిల్లా. 2020 మార్చిలో ఒక యువకుణ్ణి బలగాలు చంపాయి. మావోయిస్టు అన్నారు. కాదన్నారు ఊరివాళ్ళు. ఆ శవాన్ని కాల్చలేదు, పూడ్చలేదు. ఉప్పు, నూనె, ఆకుమందులు పూసి, గుడ్డ చుట్టి, గొయ్యిలో భద్రపరిచి, దాదాపు రెండేళ్ళు కాపాడారు. ఎప్పటికైనా ఒక జడ్జి వస్తాడని, ఒక డాక్టరు సరిగ్గా చూస్తాడని. ఆ గుంటలో దాచింది సాక్ష్యాన్ని. సైన్సు మీద, కోర్టు మీద అంత నమ్మకం పెట్టుకున్న మనుషులు ఈ దేశంలో ఇంకెక్కడున్నారు? రాజ్యాంగాన్ని శవం రూపంలో కాపలా కాసినవాళ్ళకి మనం హేతువాదం నేర్పాలట.

చివరికి ఆ కుర్రాడి గుండె మరుసటిరోజు తెల్లవారుజామున ఆగింది. పోస్టుమార్టం అయింది. ఆమె నాలుగో ప్రశ్న ఒకటే: "ఎట్లా చచ్చిపోయాడో రాసిన కాగితం ఇస్తారా?" ఇస్తామన్నారు, తర్వాత రమ్మన్నారు. నేను ఆ రోజంతా తిరిగి రెండు కాగితాలు సంపాదించాను. బండి రాష్ట్ర సరిహద్దు దాకే వస్తుందన్నారు. కుంట దగ్గర ఇంకో బండి మాట్లాడుకున్నాం. దోర్నపాల్, పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్. దారిలో ఒక క్యాంపు దగ్గర ఆపి గుడ్డ తీసి ముఖం చూశారు. ఎవరు, ఎక్కడ చచ్చాడు, ఎట్లా. ఆమె మాట్లాడలేదు, రవికలోంచి ఆ కాగితాలు తీసి చూపించింది. ట్రాక్టరు ప్రమాదం అని అందులో ఉంది. వదిలేశారు. ఆ కాగితం లేకపోతే తలకు గాయమున్న ఇరవై రెండేళ్ళ కోయ కుర్రాడి శవానికి ఆ రోడ్డు మీద ఏ పేరు పెట్టేవాళ్ళో నాకు తెలియదు. ఆమెకు తెలుసు. అందుకే అడిగింది. 2020లో దేశం మొత్తం మీద నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసిచ్చినవి 22.5 శాతమే. చావుకు కారణం తెలుసుకునే హక్కు మనలో నూటికి ఇరవైరెండు మందికే ఉందన్నమాట. శవం మీద హక్కు లేనివాణ్ణి శవంలోంచి ఇమ్మని అడుగుతున్నాం.

ఊళ్ళో చుట్టాలంతా వచ్చి ఒక్కొక్కరూ గుడ్డ కప్పారు. డోలు కొట్టారు. దక్షిణ బస్తర్‌లో చచ్చినవాళ్ళ పేర రాళ్ళు నిలబెడతారు, గామవాడ దగ్గర వరుసగా చూడొచ్చు. శరీరం ముక్కలు కాకుండా ఊరికి చేరాలని ఆమెకు ఉందా? ఉండొచ్చు. ఆ కోరికను నేను వెక్కిరించను, కొలిచి చూడను. కొడుకును చివరిసారి ఊరికి చూపించాలనుకోవడానికి హేతువు చూపించమని ఏ కార్పొరేట్ ఆసుపత్రి ఓనరునూ ఎవరూ అడగరు.

మనవాళ్ళతో కూడా ఒక మాట. 'ఇదంతా డబ్బున్నోళ్ళ కోసం, మన జనం ఇవ్వొద్దు' అనే అంబేడ్కరైట్ మిత్రులున్నారు. కోపం అర్థమవుతుంది, తీర్మానం తప్పు. మనం వెనక్కి తగ్గితే జాబితా న్యాయంగా మారదు, మన రోగులు ఇంకా వెనక్కి పోతారు. 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో పునర్జన్మ ఎవరిది అనే ప్రశ్నకు బాబాసాహెబ్ ఇచ్చిన జవాబు ఆత్మ కాదు. శరీరంలోని నాలుగు భూతాలు చావుతో నశించవు, విశ్వంలోని అవే భూతాల రాశిలో కలుస్తాయి, మళ్ళీ వేరే కలయికలోకి వస్తాయి. పిండం పెట్టనని, శ్రాద్ధం చేయనని దీక్షాభూమిలో ప్రమాణం చేసిన జనం మనం. కళ్ళిస్తే గుడ్డివాడిగా పుడతాడన్న మాటకు మూలం ఏ మతంలోని ఆత్మ, ఏ కర్మ సిద్ధాంతమో ఆ డాక్టరుగారు తన ఇంట్లో వెతుక్కోవాలి. అవయవాలివ్వడంలో మన దర్శనానికి అడ్డం ఏదీ లేదు. అడ్డం ఉన్నది ఆసుపత్రి తలుపు దగ్గర.

అందుకని మనం అడగాల్సింది స్పష్టంగా అడగాలి. మరణానికి ఒకే నిర్వచనం కావాలి, అవయవం ఇచ్చినా ఇవ్వకపోయినా. బ్రెయిన్ డెత్ నిర్ధారించాక కుటుంబం వద్దంటే ఆ క్షణం నుంచి ఒక్క రూపాయి బిల్లు వేయకూడదు. మరణ కారణం రాసిన కాగితం ఎవరి భాషలో వాళ్ళకు చేతికివ్వాలి, శవాన్ని ఏ రాష్ట్రమైనా ఊరిదాకా చేర్చాలి. దాతల లెక్కలో, గ్రహీతల లెక్కలో ఎస్సీ, ఎస్టీ, బీసీ గడులు పెట్టి ఏటా ప్రచురించాలి. ఏజెన్సీలో డయాలసిస్, వెంటిలేటర్ రావాలి. ఇంకోటి చిన్నది: కౌన్సెలర్లలో కోయ, గోండి, లంబాడీ మాట వచ్చినవాళ్ళు ఉండాలి. నాలాంటి వాణ్ణి ఫోన్ చేసి పిలిపించి, 'నీ కొడుకు చనిపోయాడు' అని చేతకాని తర్జుమా చేయించకూడదు.

మొన్న సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ప్రతిజ్ఞ కార్డు మా అమ్మకు చూపించాను. నేను పోయాక ఒప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్ళే కాబట్టి, ఆమెకు తెలియాలి. మార్చురీ మనిషి భార్య, తిప్పి తిప్పి చూసింది. "మీ నాన్న ఉంటే సంతోషించేవాడు" అంది. కాసేపాగి, "కుట్లు సరిగ్గా వేస్తారా?" అని అడిగింది.

ఈ ఆగస్టులో మళ్ళీ ఆ డాక్టరుగారే వస్తున్నారని నోటీసు పెట్టారు. ఈసారి ముందు వరుసలో కూర్చుంటాను. చింతలనార్ తల్లి అడిగిన మూడో ప్రశ్న నా నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను, ఆమె మాటలోనే. ముందు కోయలో చదువుతాను, తర్వాత తెలుగులో.